ఖాళీగా వదిలిన శనివారం

పొద్దున వంకాయలు కోసి ఉప్పునీళ్ళలో వేస్తుంటే ఒక ముక్క గట్టు మీదే ఉండిపోయింది. తిరిగి చూసేసరికి నల్లబడింది. ఆ నలుపు చూసినప్పుడల్లా నాకు షహనాజక్క గొంతు వినిపిస్తుంది. తిరుపతిలో మా పాప వైద్యం జరిగే ఆసుపత్రిలో, ఏ బిడ్డకు ఏం తినిపించాలో చెప్పే ఆవిడ.

మా వైష్ణవికి పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం చేరుతుంది, తిన్న కొవ్వు అరగదు. అందుకే అరగడానికి బిళ్ళలు వేసి నెయ్యి దండిగా పెట్టమన్నారు. పదో ఏట దానికి షుగర్ కూడా వచ్చింది, ఇన్సులిన్ మొదలుపెట్టారు. నేను బడి మొహం చూడనిదాన్ని; మా నాయన ఇంట్లో నేర్పిన అక్షరాలే నా చదువు. మా మామకు షుగర్ వచ్చినప్పుడు నెయ్యీ అన్నమూ మానిపించి రాగిసంగటితో కాపాడుకున్నాం. పాపకూ అదే చేశాను. పైగా స్వామికి మొక్కుకుని, శనివారాలు నాతోపాటు దాన్నీ ఒక్కపొద్దు ఉంచాను. రోజంతటికీ సాయంత్రం ఒక్క పూటే తిండి. మూడు నెలల్లో పాప నాలుగు కిలోలు తగ్గింది. ఎందుకో నాకు అర్థం కాలేదు.

అక్క అడిగినట్టే వారం తిండి కాగితం మీద రాసుకెళ్ళాను. ఆవిడ వేలు నేను ఖాళీగా వదిలిన శనివారం దగ్గర ఆగింది.

"ఏమ్మా, శనివారం మీ ఇంట్లో పొయ్యి ముట్టించలేదా?"

"ఒక్కపొద్దక్కా."

"నీకా, బిడ్డకా?"

నాకంటే ముందు పాపే చెప్పింది. "ఇద్దరికీ ఆంటీ. మాయమ్మ సాయంత్రం దాకా అరటిపండు కూడా ఇయ్యదు."

అరుస్తుందనుకున్నాను. ఆవిడ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది. "ఇన్సులిన్ ఏసి పస్తు పెడితే బిడ్డ కండ్లు తిరిగి పడిపోతాది తల్లీ. మాకూ రంజాన్‌లో రోజా పస్తు ఉండాది. జబ్బు మనిషిని ఉండమనం. మీ దేవుడు మాత్రం అంటాడా?"

"నెయ్యి పెట్టమంటారు, మళ్ళా షుగరంటారు. ఏది వినాలక్కా?"

"రెండూ. మీ మామ షుగర్ వేరు, ఈ బిడ్డ షుగర్ వేరు. తిండి తగ్గించొద్దు, తిండికి తగినంత ఇన్సులిన్ ఎయ్యాల. సరే, పొద్దున డాక్టరు ఆక్సిడేటివ్ స్ట్రెస్ అన్నప్పుడు తల ఊపినావే, ఏం అర్థమైందో చెప్పు సూద్దాం?"

ఏమీ కాలేదని ఒప్పుకున్నాను. అక్క నవ్వింది. "కోసిన వంకాయ గాలికి నల్లబడదా? అట్లాంటి చెరుపే ఒంట్లో జరుగుతా ఉంటాది. ఊపిరితిత్తుల్లో ఎప్పుడూ వాపు, దానికి తోడు షుగర్. అందుకే ఈ బిడ్డలకు అది ఎక్కువ. దాన్ని కాచే విటమిన్లు కొన్ని నెయ్యితోనే ఒంటికి పడతాయి, ఆ నెయ్యి అరగాలంటే బిళ్ళ ఎయ్యాల."

"గాలి లేకుంటే బతకలేం కదక్కా. ఆ గాలే చెరుపు చేస్తాదా?"

"అదే తిరకాసు. నాకూ పూర్తిగా తెలీదు. ఆ విటమిన్లు ఎంత కాస్తాయో పెద్ద డాక్టర్లకే తేలలేదంట. తెలీదని చెప్పడానికి సిగ్గెందుకు?"

పాప బరువు నెమ్మదిగా తిరిగొచ్చింది. అక్క నిరుడు రిటైరైపోయింది. ఆవిడ మేలు ఎట్లా తీర్చుకోవాలో తెలియలేదు; ఆవిడను అక్కడ కూర్చోబెట్టినందుకు స్వామికే దండం పెట్టుకుంటున్నాను. మొక్కు తప్పానో లేదో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేను. శనివారం నేనొక్కదాన్నే ఒక్కపొద్దు ఉంటాను, పాప ఎదురుగా కూర్చుని నెయ్యన్నం తింటుంది. ఏ డాక్టరు ముందూ ఊరికే తల ఊపను. స్వామి పటం ముందు కూడా అంతే. "నాకు తెలియడం లేదు తండ్రీ, మళ్ళీ చెప్పు" అంటాను.