ఐదో మాటకు ఒక ఇంగ్లీషు సినిమా

మా సంఘంలో గుడ్ ఫ్రైడే నాడు సిలువ మీది ఏడు మాటలకు ఏడుగురు మాట్లాడతారు. మధ్యాహ్నం పన్నెండింటికి మొదలైతే మూడింటి దాకా సాగుతుంది. అందరూ తెల్లబట్టలు కట్టుకుంటారు, గుడి ముందు తాటాకు పందిరి వేస్తారు, ఒక్కో మాట కాగానే ఒక కీర్తన పాడతారు. ఏ మాట ఎవరికిచ్చారన్నది కంకిపాడు చుట్టుపక్కల మా పల్లెల్లో చిన్న విషయం కాదు. పెళ్ళి భోజనాల్లో ఎవర్ని ఏ బంతిలో కూర్చోబెట్టారన్నంత పట్టింపు దాని మీద ఉంటుంది.

తండ్రీ, వీళ్ళని క్షమించు అనే మొదటి మాట ఎప్పుడూ సంఘ పెద్దది. నా దేవా, నన్నెందుకు విడిచావు అనే నాలుగోది కష్టమైనది, అది పాస్టరు అయ్యగారు ఉంచుకుంటారు. ఆఖరిది బెజవాడ నుంచి వచ్చే అతిథికి. దాహమవుతోంది అనే ఐదో మాట మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఉన్నదే ఒక ముక్క, దాని మీద అంతసేపు ఏం మాట్లాడతారు? డెబ్బయిల చివర్లో ఒక ఏడు అది మా అమ్మకొచ్చింది.

అంతకుముందు ఆ ఏడింట్లో ఒక్కటంటే ఒక్కటి ఆడవాళ్ళకి ఇచ్చిన పాపాన పోలేదు. గుడి అలకడానికి ఆడవాళ్ళు కావాలి, కీర్తన ఎత్తుకోవడానికి ఆడవాళ్ళు కావాలి, ఏడవడానికి సరేసరి. మాట్లాడ్డానికి మాత్రం మగవాళ్ళు. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మండుతుంది. ఆ ఏడు ఐదో మాట చెప్పాల్సిన ఆయనకి మైలవరం బదిలీ అయింది. ఇంకెవరూ ఒప్పుకోకపోతే అయ్యగారు మా ఇంటికొచ్చి, "టీచరుగారూ, మీరు రోజూ పిల్లలకి చెప్పేదే గదా, ఇది కాస్త మీరు చూసుకోండి," అన్నారు. అమ్మ మా ఊరి మిషన్ బడిలో టీచరు.

ఆయన గుమ్మం దాటాక అమ్మ చాలాసేపు బియ్యం చేట ముందేసుకుని కూర్చుంది, ఏరింది మాత్రం లేదు.

"అంత భయమైతే వద్దని చెప్పెయ్యి," అన్నాను. నేనప్పుడు బెజవాడలో ఇంటర్ చదువుతున్నాను. నా నోటికి అదుపు తక్కువ.

"భయం నా గురించి కాదే. నేను అక్కడ తడబడ్డానంటే, ఆడవాళ్ళకిస్తే ఇంతేనంటారు. నా తర్వాత ఇంకొకరిని ఆ వేదిక మెట్టు ఎక్కనివ్వరు," అంది.

ఆ మాటతో నాకూ భయం పట్టుకుంది. అమ్మ రోజూ దాహం గురించి ఏదో ఒకటి అనుకునేది, బాగాలేదని వదిలేసేది. ప్రభువు నీళ్ళడిగిన సమరయ స్త్రీ బావిని తెచ్చింది, కర్రతో కొడితే నీళ్ళొచ్చిన ఎడారి బండను తెచ్చింది. అవన్నీ మన అయ్యగారు చెప్పేసినవేనని తనే కొట్టేసుకుంది. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం దగ్గరకొచ్చినా ఆమె దగ్గర ఒక్క ముక్క కూడా నిలవలేదు.

ఆ శనివారం తెల్లచీర కొనడానికి ఇద్దరం బెజవాడ వెళ్ళాం. కాలువలు కట్టేసిన రోజులు, బందరు కాలువలో బురద కూడా ఎండి పగుళ్ళిచ్చింది. బీసెంట్ రోడ్డులో చీర కొనేసరికి అమ్మ మొహం కందగడ్డలా అయింది. మా ఊరి బస్సు సాయంత్రం గాని లేదు. నీడ కోసం గాంధీనగరం వైపు నడిచాం. అక్కడ ఒక సినిమా హాలు ముందు, ముసుగేసుకుని గాల్లో ఎగురుతున్న మనిషి బొమ్మ నిలువెత్తున పెట్టారు.

"లోపల చల్లగా ఉంటుందటమ్మా," అన్నాను.

సినిమా అంటే మా సంఘంలో మాటలు కాదు. తాగొచ్చినవాడిని మందలించి వదిలేస్తారు. సినిమాకెళ్ళినవాడికి మాత్రం బల్ల ఆపేస్తారు, అంటే ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం. ఈస్టరు నాడు అందరూ లేచి ముందుకెళుతుంటే మనం బెంచీకి అతుక్కుని కూర్చోవాలి. దానికంటే చావు నయం.

"ఏం సినిమా?" అంది అమ్మ.

"ఇంగ్లీషుది."

అమ్మ ఆ బొమ్మ వైపు కాసేపు చూసింది. "ఇంగ్లీషైతే మనకి అర్థం కాదు. అర్థం కానిది పాపమెలా అవుతుంది?" అంది. పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి ఆ లెక్క ఎలా కట్టిందో నేను అడగలేదు. అడిగితే మనసు మార్చుకుంటుందని గబగబా టిక్కెట్లు తీశాను.

కథ పెద్ద చిక్కుది కాదు. ఒక చిన్న ఊళ్ళో రేడియోలు బాగుచేసుకునే కుర్రాడుంటాడు. ఎవరికైనా ఆపదొస్తే మొహానికి ముసుగేసుకుని, భుజాలకి నీలం దుప్పటి కట్టుకుని గాల్లోకి లేస్తాడు. బస్సుని ఒంటిచేత్తో ఎత్తుతాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. అమ్మ మాత్రం పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూస్తోంది.

"తానెవరో తెలియనివ్వడేం?" అంది నా చెవిలో.

"అదే సరదా అమ్మా."

"సరదా కాదే. గుడ్డివాళ్ళకి చూపిచ్చి, ఎవరితోనూ అనకండని పంపలేదూ ప్రభువు? ఇదీ అదే."

ఇంకాసేపటికి, "ఆ పొట్టివాడు అస్తమానం వీడి వెంటే తిరుగుతున్నాడు చూడు. పట్టించేది వాడే," అంది. ఇంటర్వెల్ కాగానే పొట్టివాడు పట్టించాడు. అమ్మకి అటుపక్క కూర్చున్న పట్టుచీరావిడ, తలనిండా మల్లెపూలు, ఇటు వంగింది.

"మీరిది ముందే చూశారాండీ?"

"లేదండీ. ఇలాంటిదే ఇంకోచోట చదివాను."

"మరి ఈ అబ్బాయి చచ్చిపోతాడాండీ?"

"పోయినా మళ్ళీ వస్తాడండీ. మీరేం కంగారుపడకండి," అంది అమ్మ.

నేను సినిమాకొచ్చానా, సండే స్కూలుకొచ్చానా అని ఒళ్ళు మండిపోయింది. అతను రౌడీలను చితకబాదుతుంటే హాలంతా ఈలలు వేస్తోంది, నేనూ సీట్లో ఎగురుతున్నాను. అమ్మ పెదవి విరిచి, "ఇక్కడ మాత్రం మనవాడు తప్పాడు," అంది. కానీ కోపం ఎంతసేపని ఉంటుంది? కాసేపటికి నేనే, "ఇప్పుడేమవుతుందమ్మా?" అని అమ్మనడగడం మొదలుపెట్టాను. ఆమె ఒక్కటి చెబితే రెండు జరుగుతున్నాయి. పట్టుచీరావిడ కూడా తెర వదిలేసి అమ్మ మొహమే చూస్తోంది.

చివర్లో ఊరి పైనున్న ఆనకట్ట తలుపు ఊడిపోతుంది. అతను వీపు ఆనించి, ఊరంతా దాటి గట్టెక్కేదాకా ఆ నీళ్ళని ఆపుతాడు. అంతా అయ్యాక ఎవరి కంటా పడకుండా, ముసుగు తీసేసి, ఒక సందులో ఇంటి గడప ముందు కూలబడతాడు. లోపల్నుంచి ఒక ముసలావిడ వస్తుంది. ఎవరో కూలివాడనుకుని నీళ్ళు తెచ్చిస్తుంది. అతను తాగుతాడు. ఊపిరి తీసుకోకుండా తాగుతూనే ఉంటాడు. ఈలలు వేసే హాలు అక్కడ గప్‌చుప్‌గా ఉంది.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అంత నీళ్ళని ఆపినవాడికి దాహమేసింది చూడవే," అంది. ఆమె కళ్ళు నిండిపోయాయి, మొహం వెలిగిపోతోంది. అమ్మని అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు. ఇంటికెళ్ళే బస్సులో నిలబడి వచ్చాం, ఆమెకి అది కూడా తెలిసినట్టు లేదు.

గుడ్ ఫ్రైడే నాడు ఎండ మామూలుగా లేదు. పందిరి కింద చాపల మీద ఆడవాళ్ళం ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు కూర్చున్నాం. ముందు బెంచీలో మా సంఘ పెద్ద ఉన్నారు. ఆయన హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. వాక్యం చెప్పేవాళ్ళు ఎక్కడ ఏ పేరు తప్పు పలికినా, ఏ అధ్యాయం తప్పు చెప్పినా కూర్చున్నచోటి నుంచే దిద్దుతారు. బిషప్పుగారు వచ్చినా ఆయన నోరు ఊరుకోదు. సినిమా చూసినవాళ్ళకి బల్ల ఆపాలని పట్టుబట్టేది కూడా ఆయనే. అమ్మ మెట్టెక్కుతుంటే నేను ఆయన్నే చూస్తున్నాను.

అమ్మ తెల్లచీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడింది. "ఒక ఊళ్ళో ఒక మనిషి ఉండేవాడు," అని మొదలుపెట్టింది. సినిమా అనలేదు, ఎగరడం గురించీ అనలేదు. తెగబోయిన ఆనకట్టకి వీపు ఆనించి ఊరిని కాపాడాడని చెప్పింది. వెనక కుర్రాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. వాళ్ళందరికీ అది ఏ కథో తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది.

"చివరికి ఆయనకి దాహమేసింది," అంది అమ్మ. "ఒక తల్లి గ్లాసుతో నీళ్ళు తెచ్చిచ్చింది."

"గ్లాసు కాదమ్మా," అన్నారు ముందు బెంచీలోంచి పెద్దాయన. "దోసిట్లో పోసింది."

అన్నాక గాని ఆయనకి తానేమన్నారో అర్థం కాలేదు. పందిరి కింద విసనకర్రలన్నీ ఆగిపోయాయి. నిజమే, సినిమాలో ఆ ముసలావిడ కూజా ఎత్తి అతని దోసిట్లోనే పోసింది. తెల్లదొరల దేశంలో దానికి ఏ అర్థమూ ఉండకపోవచ్చు. మా పందిరి కింద కూర్చున్నవాళ్ళలో దోసిలి పట్టనివాళ్ళు లేరు. కోతలకెళ్ళినా, నాట్లకెళ్ళినా, ఆసాముల వాకిట్లో వంగి దోసిలి పడితే, చెంబు తగలకుండా పైనుంచి పోసేవాళ్ళు.

అమ్మ తడబడింది. మైకు కడ్డీని పట్టుకుంది. అయిపోయింది, ఇంక ఆడవాళ్ళకి ఈ మెట్టు లేదు అనుకున్నాను.

"అవునండీ, దోసిట్లోనే," అంది చివరికి. "గ్లాసు నేను పెట్టాను. ఆయనకి దోసిట్లో పోయించడానికి నాకు మనసు రాలేదు. మా నాన్న అలా తాగుతుంటే చూశాను, అందుకని." కొంగు సర్దుకుంది. "కానీ పెద్దాయన దిద్దింది మంచిదయింది. సిలువ మీద ప్రభువు కూడా అడిగే తాగాడు. వాళ్ళెలా ఇస్తే అలాగే తాగాడు. సముద్రాన్ని చేసినవాడు మనలాగా దోసిలి పట్టాడంటే, మన దోసిలి ఇంక సిగ్గుపడాల్సింది కాదు."

అంతే చెప్పి దిగొచ్చింది. మిగతావాళ్ళు తీసుకున్న సమయంలో సగం కూడా పట్టలేదు. ఎవరో స్తోత్రం అన్నారు, ఆ తర్వాత పందిరంతా అంది. కీర్తన ఎత్తుకోవాల్సిన ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, ఏడుస్తూనే నవ్వుతున్నారు, పాట ఎప్పటికో గాని మొదలవలేదు. నాకైతే లేచి ఈల వేయాలనిపించింది.

మూడింటికి ఆరాధన అయ్యాక అసలు గొడవ మొదలైంది. అయ్యగారు పెద్దల్ని పందిరి కిందే కూర్చోబెట్టారు. ఎవరూ ఇళ్ళకి పోలేదు.

"టీచరుగారు కథ చెప్పారు, నేను తప్పు దిద్దాను. అందులో ఏముంది?" అన్నారు పెద్దాయన.

"దిద్దడానికి మీకెలా తెలిసిందండీ?" అన్నారు అయ్యగారు.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఆయన భార్య ఆడవాళ్ళ మధ్య నుంచి లేచారు. అంతవరకు ఆవిడ గొంతు సంఘంలో ఎవరూ విన్న పాపాన పోలేదు. "రెండుసార్లు చూశారండీ. రెండోసారి నన్నూ తీసుకెళ్ళారు," అన్నారు.

పందిరి ఎగిరిపోయేంత నవ్వు లేచింది. అయ్యగారు నవ్వు ఆపుకుంటూ, "సరే, ఈస్టరు బల్లకి ఎవరెవరిని ఆపాలో చూద్దాం. ఆ సినిమా చూసినవాళ్ళు చెయ్యెత్తండి," అన్నారు. అమ్మ ముందెత్తింది. నేనెత్తాను. వెనక కుర్రాళ్ళు ఎత్తారు. పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని ఎత్తారు. ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే మా నాన్న, ఆ చివర్న, మా వైపు చూడకుండా ఎత్తాడు. అమ్మ మెడ తిప్పి చూసిన చూపు నాన్నకి ఈస్టరు దాకా సరిపోయింది. అయ్యగారు ఆ చేతుల వంక చూసి, "ఇంతమందికి ఆపితే రొట్టె నేనొక్కణ్ణే తినాలి," అన్నారు. ఆ ఏడు బల్ల ఎవరికీ ఆగలేదు.

అందరూ లేస్తుంటే పెద్దాయన అయ్యగారితో, "వచ్చే ఏడు కూడా ఐదో మాట ఆడవాళ్ళకే ఇద్దామండీ. అది వాళ్ళకి బాగా కుదిరింది," అన్నారు, ఎంతో ఉదారంగా.

"ఐదోది టీచరమ్మ చెప్పేసింది గదా," అన్నారు ఆయన భార్య. ఇంకా నిలబడే ఉన్నారావిడ. "నాకు మొదటిది ఇప్పించండి. క్షమించడం సంగతి ఈయనకంటే నేనే బాగా చెప్పగలను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన మళ్ళీ కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడు మొదటి మాట ఆవిడే చెప్పారు. నాలుగు ముక్కలు చెప్పి, మధ్యలో మర్చిపోయి ఆగిపోయారు. చాలాసేపు ఆగారు. ముందు బెంచీలోంచి ఎవరూ అందించలేదు, ఎవరూ దగ్గలేదు, ఆడవాళ్ళకిస్తే ఇంతేనని ఎవరూ గొణగలేదు. అందరం ఆవిడ కోసం కూర్చున్నాం. నా పక్కన అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టారు.