ఇంకోసారి చూసే మనిషి

సీసాల ఫ్యాక్టరీలో ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ‘ఇంకోసారి’ సారే. ఫర్నేస్ దగ్గర ఒకరు చూసి, బెల్టు మీద మరొకరు చూసి, అట్టపెట్టెలో సర్ది టేపు అంటించాక ఈయన తయారవుతాడు. "ఏదీ, ఇంకోసారి చూద్దాం," అని పెట్టె చింపిస్తాడు. సీసాని దీపం ముందు పట్టుకుని, ఒక కన్ను మూసి తిప్పుతాడు. గాజులో బుడగ కనిపించిందా, ఆ రోజు ఆయనకి పండగే. కనిపించకపోతే తన కళ్ళనే అనుమానిస్తాడు. నాణ్యత విభాగం చూసేవాడికి అది పనికొచ్చే గుణమే. చిక్కల్లా, సాయంత్రం గేటు దాటేటప్పుడు ఆయన దాన్ని అక్కడ వదిలి రాడు.

ఫ్యాక్టరీ మొత్తానికి జనరల్ మేనేజరు పోస్టు ఖాళీ అయింది. ఇంటర్వ్యూకి ఆయనకీ పిలుపొచ్చింది. ఎన్నాళ్ళుగానో కళ్ళలో వత్తులు వేసుకుని ఎదురుచూసిన కుర్చీ. ఇప్పుడు దక్కకపోతే రిటైరయ్యేదాకా బుడగలు వెతుక్కోవడమే.

ఇంటర్వ్యూకి రిహార్సలని ఇంట్లో భోజనాల బల్ల వెనక భార్య చైర్మన్‌గా, కాలేజీలో చదువుతున్న కూతురు డైరెక్టరుగా కూర్చున్నారు. ఆయన తలుపు తట్టి లోపలికొచ్చాడు.

"మీలో ఉన్న లోపమేమిటి?" అంది కూతురు గంభీరంగా.

"ఈ ప్రశ్న నీకెవరు చెప్పారు? మీ అమ్మేనా?"

"నాన్నా! ఇంక జవాబు చెప్పక్కర్లేదులే."

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతలో బెల్ మోగింది. వచ్చింది ఆయన అసిస్టెంటు. ఏళ్ళ తరబడి ఆయన చేతికిందే పనిచేస్తున్న మనిషి. గుమ్మంలో నిలబడే గబగబా చెప్పింది.

"సార్, మా అక్క వాళ్ళ ఆఫీసులో ఇలాంటి పోస్టుకే, ‘మీరు పైకొస్తే మీ చోట్లో ఎవరిని పెడతారు’ అని అడిగారట. మిమ్మల్నీ అడుగుతారేమో, ఆలోచించి పెట్టుకోండి. వస్తాను సార్."

తలుపు మూసుకోగానే ఆయన గొంతు తగ్గించాడు. "చూశావా? నా కుర్చీ మీద కన్నేసింది."

"మీరు పైకెళ్తే ఖాళీ అయ్యే కుర్చీయే కదండీ. కాస్త ఆశ ఉంటే తప్పేంటి?"

"అదే నేననేది! తన పేరు నా నోటితోనే చెప్పించాలని ఎత్తు. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయింది, గమనించావా?"

"మీరు ఇస్తేగా తాగడానికి!"

ఆ ప్రశ్న ఆయన బుర్ర తొలిచేసింది. మిగతావన్నీ గాలికొదిలేసి, ఆ వలలో పడకుండా తప్పించుకునే జవాబు ఒక్కటే అద్దం ముందు నిలబడి బట్టీ పట్టాడు.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురున్నారు. మంచినీళ్ళ గ్లాసు ముందు పెడితే, అలవాటు కొద్దీ దాన్ని వెలుతురుకెత్తి చూశాడు. ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వుతో ఆయన బెరుకు పోయింది, జవాబులు చకచకా వచ్చాయి. చివర్లో మధ్యలో కూర్చున్న పెద్దావిడ అడిగింది.

"ఈ బాధ్యత మీకిస్తే, మీ విభాగం ఎవరు చూసుకుంటారు?"

వచ్చేసింది! ఆయన లోలోపల మీసం మెలేసుకున్నాడు.

"ఎవరూ లేరండీ. నేను ఇంకోసారి చూడకపోతే ఒక్క సీసా కూడా సరిగ్గా గేటు దాటదు."

"ఇన్నేళ్ళలో ఒక్కరినీ తయారు చేయలేదా?"

"నమ్మకం కుదరాలి కదండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అయితే మిమ్మల్ని అక్కణ్ణుంచి కదిపితే మాకే నష్టం. మీరు అక్కడే ఉండాలి."

పొగడ్త అనుకుని థాంక్స్ కూడా చెప్పాడు పాపం. తలుపు దాకా వచ్చాక గానీ ఆ మాట అర్థం కాలేదు.

బయట మెట్ల దగ్గర అసిస్టెంటు నిలబడి ఉంది. పని మధ్యలో పరుగెత్తుకొచ్చినట్టుంది, చేతులకి గ్లవ్స్ అలాగే ఉన్నాయి.

"అడిగారా సార్, ఆ ప్రశ్న?"

"అడిగారు."

"ఏం చెప్పారు సార్?"

ఆమె మొహంలోకి చూశాడు. ఎత్తూ లేదు, పన్నాగమూ లేదు. కాస్త ఆశ ఉంది, అంతే. ఇంకోసారి చూడటానికి ఆయనకి సిగ్గేసింది.

"ఎవరూ లేరని చెప్పానమ్మా."

ఆమె మెల్లగా గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకుంది.

"పోనీలెండి సార్. మీకు వచ్చింది కదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.