రెండు మెట్లు కింద

అమెరికాలోని కమ్మింగ్ ఊళ్లో దమయంతి స్కూల్ బస్సు నడుపుతుంది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. "ఇంతమంది సాఫ్ట్‌వేర్ వాళ్ల మధ్య మీరేంటండీ ఇలా" అని ఇండియన్ స్టోర్‌లో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. "కంప్యూటర్ ముందు కూర్చుంటే నాకు నడుం పట్టేస్తుందమ్మా, బస్సులో పట్టదు" అనేసి కొత్తిమీర ఏరుకుంటుంది. ఆవిడ చేతిలో ఇంకో విద్య ఉందని మాత్రం ఎవరికీ తోచదు. వాళ్ల నాన్న తెనాలి వైపు పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవాడు. ఆయన పక్కన కూర్చుని పదేళ్లకే మెట్ల మీద వేళ్లు పరిగెత్తించిన మనిషి ఈవిడ.

ఆ విద్యకి ఈ దేశంలో దారి చూపించింది మిస్ లొరెయిన్, ఎలిమెంటరీ స్కూల్ మ్యూజిక్ టీచర్. బడి వదలడానికి అరగంట ముందే బస్సు వచ్చి ఆగేది. ఒకరోజు నీళ్ల కోసం లోపలికెళ్లిన దమయంతి, ఖాళీ గదిలో పియానో చూసి ఆగలేక, ఒంటి చేత్తో కల్యాణి వాయించింది. ఇంకొకరైతే ఆఫీసుకి కబురు పెట్టేవారేమో. లొరెయిన్ మహాతల్లి కుర్చీ లాక్కుని పక్కనే కూర్చుంది.

"ఎడం చెయ్యి ఖాళీగా ఎందుకుంది?"

"మా హార్మోనియం పెట్టెకి ఆ చెయ్యి గాలి కొట్టడానికండీ" అంది దమయంతి.

ఆ చేతికి పని నేర్పడానికి, గీతల మీద చుక్కలుగా రాసే స్వరాలు చదవడం నేర్పడానికి మూడేళ్లు పట్టింది. రోజుకి అరగంట. లొరెయిన్ ఒక్కనాడూ విసుక్కోలేదు. పూర్తి పేరు నోరు తిరక్క డామా అని పిలిచేది. రిటైరయ్యాక తన ఆపరెట్టా బృందంలోకి కూడా, పియానో వాయించడానికి లాక్కెళ్లింది. చర్చి హాల్లో ఏడాదికోసారి, వందేళ్ల కిందట న్యూయార్క్‌ని ఊపేసిన బాపతు ఆటలు వేస్తారు వాళ్లు. మారువేషంలో రాకుమారుడు, ఒకళ్లని చూసి ఇంకొకళ్లనుకోవడం, మధ్యలో జంటలు గిర్రున తిరుగుతూ ఆడే వాల్ట్జ్ పాటలు, చివరికి పెళ్లి. దమయంతికి అదేమీ కొత్తగా అనిపించలేదు. కిరీటాలూ పాటలూ చూస్తూ పెరిగిన పిల్లే కదా.

ఈ ఏడాది వేసింది 1912 నాటి ఆట. డెబ్బై తొమ్మిదేళ్ల లొరెయిన్‌ది నాయనమ్మ వేషం. మూడో అంకంలో ఆ ముసలావిడ తన మొదటి డాన్సు తలుచుకుంటూ ఒక వాల్ట్జ్ పాడాలి. అందులో ఒకచోట స్వరం అమాంతం పైకి ఎగురుతుంది. అక్కడికొచ్చేసరికి లొరెయిన్ గొంతు విరిగిపోతోంది. నాలుగు రిహార్సల్స్, నాలుగుసార్లూ అంతే. డైరెక్టర్ కర్టిస్ చెడ్డవాడేం కాదు, పాపం, మెత్తగానే చెప్పాడు: శుక్రవారం డ్రెస్ రిహార్సల్‌లో కూడా ఇలాగే అయితే ఆ పాట మనవరాలి వేషం కట్టిన అమ్మాయికి ఇచ్చేద్దామని.

"కొంచెం కిందికి దించి వాయించనా మిస్ లొరెయిన్?" అని అడిగింది దమయంతి.

"వద్దు. రాసినట్టే పాడాలని ముప్పై ఏళ్లు పిల్లలకి చెప్పాను" అని కోటు తీసుకుని వెళ్లిపోయింది లొరెయిన్. కార్‌లో కూర్చుని చాలాసేపు స్టార్ట్ చేయలేదు. దమయంతి కిటికీలోంచి అది చూసింది.

ఇంటికొచ్చి అన్నం కలుపుతూ భర్త మోహన్‌తో మెల్లగా విషయం కదిపింది. చర్చిలోది ఎలక్ట్రిక్ పియానో. దానికో బటన్ ఉంటుంది. రెండుసార్లు నొక్కితే పాట మొత్తం రెండు మెట్లు కిందికి దిగుతుంది.

"ఆవిడకి చెప్పకుండానా? అది మోసం కాదూ?" అన్నాడు మోహన్.

"వయసు మళ్లిన నటులకి మా నాన్న అలాగే శ్రుతి దించేవాడు. ఒక్కళ్లకీ చెప్పేవాడు కాదు. చెబితే ముందు మనసు కుంగుతుంది, తర్వాత గొంతు కుంగుతుంది అనేవాడు."

"ఆవిడ మ్యూజిక్ టీచరే తల్లీ, కనిపెట్టదా?"

"రెండు చెవులకీ వినికిడి మిషన్లే కదండీ. తెలీదులెండి."

శుక్రవారం దమయంతి బటన్ నొక్కింది. లొరెయిన్ గొంతు మెట్టు మెట్టుగా ఎక్కి, ఆ పై స్వరం మీద హాయిగా నిలబడింది. కర్టిస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. పాట లొరెయిన్‌దే అని అందరి ముందూ చెప్పాడు. "వేణ్నీళ్లు తాగాను, పనిచేసింది" అంది లొరెయిన్, అంతకు మించి ఒక్క ముక్క లేదు. దమయంతి ఊపిరి పీల్చుకుంది.

శనివారం హాలు నిండిపోయింది. పాట మళ్లీ అంత బాగా వచ్చింది. చప్పట్లు ఆగలేదు. ఆ కాలపు ఆపరెట్టాల్లో జనం వదలకపోతే పాట ఇంకోసారి పాడటం ఆనవాయితీ, మన నాటకాల్లో వన్స్‌మోర్ అంటే పద్యం మళ్లీ అందుకున్నట్టే. లొరెయిన్ పియానో దగ్గరికి నడిచొచ్చి, దాని మీద చెయ్యి ఆనించి వంగింది.

"ఈసారి ఆ బటన్ తీసెయ్, డామా."

దమయంతి తలెత్తి చూసింది. "మీకు... ఎప్పుడు తెలిసింది?"

"నిన్న, మొదటి లైన్‌లోనే. చెవులు పోతే పోయాయి, పాట ఎంత తేలిగ్గా వస్తోందో గొంతుకి తెలియదా?"

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. ఇంటికెళ్లి ఆలోచించాను. నా పాట పోకుండా చూశావు. నువ్వు నా కోసం చేశావని తెలిసి నిన్ను నలుగురిలో ఎలా అడగను? ఇప్పుడు మాత్రం రాసినట్టే కావాలి."

"విరిగిపోతుందేమో."

"విరగనీ. మళ్లీ ఎప్పుడు పాడతాను నేను?"

నాన్న శ్రుతి దించిన ఆ నటులకీ తెలిసే ఉంటుందని దమయంతికి మొదటిసారి తట్టింది. ఆయన నొచ్చుకుంటాడని వాళ్లూ నోరు మెదిపి ఉండరు. దమయంతి బటన్ రెండుసార్లు వెనక్కి నొక్కి మొదలుపెట్టింది.

లొరెయిన్ ఎక్కింది. పై స్వరం దగ్గర గొంతు సగం పలికి, విరిగి, గాలి మాత్రమే వచ్చింది. దమయంతి పాటని ముందుకి నడపలేదు. లొరెయిన్ ఊపిరి తీసుకునేదాకా ఆ స్వరం మీదే చేతులు నొక్కిపెట్టి ఉంచింది. లొరెయిన్ ఆవిడ వైపు చూసి, తొమ్మిదేళ్ల పిల్లలా నవ్వేసి, మిగతా పాట అందుకుంది. దమయంతి కళ్లు నిండిపోయి కాగితం మీద చుక్కలు అలుక్కుపోయాయి. అయినా రెండు చేతులూ వదలకుండా, ఆ గొంతు ఎక్కడికి వెళ్తే అక్కడికి వెంట వెళ్లింది.