ముప్పై అంగుళాల పలక

మా ఆయన ఎలిఫలెట్‌కు మొదట్లో ఇంగ్లండు రాజుగారి మీద కోపమేమీ లేదు. కెనెబెక్ నది ఒడ్డున ఒక రంపపు మిల్లు, రెండు ఎద్దులు, ముసలి తల్లి కెజియా, నేను. అంతే ఆయన రాజ్యం. టీ మీద పన్ను వేశారని బోస్టన్ వాళ్లు గుండెలు బాదుకుంటుంటే, "మనం తాగేది ఆపిల్ కల్లు కదే, మనకెందుకు" అనేవాడు. స్టాంపు కాగితాల పన్ను గొడవా అంతే. ఆయనకు సంతకమే రాదు.

కోపం తెప్పించింది చెట్టు. మా దొడ్డి వెనక తెల్ల పైన్ చెట్టు మీద రాజుగారి మనుషులు కాకి కాలులా మూడు గొడ్డలి గాట్లు పెట్టి పోయారు. రెండడుగుల లావు దాటిన చెట్టు రాజుగారి ఓడ స్తంభాలకేనట. నేల మాది, రాలిన ఆకు ఊడ్చే ఖర్మ నాది, చెట్టు మాత్రం ఆయనది.

అందుకే దొంగచాటుగా ఎంత లావు చెట్టు కొట్టినా, మా ఊళ్లో ఏ ఇంటి నేల చూసినా ఇరవైమూడు అంగుళాల పలకలే. మిగతా అంగుళాలు ఎటు పోయాయో పొయ్యికే తెలుసు. మా ఆయన కూడా అలాగే దొడ్డి వెనక చెట్టు కొట్టాడు గానీ, ముప్పై అంగుళాల పలక ఒకదాన్ని చీల్చడానికి చేతులు రాక వంటింట్లో బల్లగా వేసుకున్నాడు. మొండిఘటం.

చెట్టు మాయమైందని తెలిసి ఒక మధ్యాహ్నం అధికారి కొలబద్దతో దిగాడు. ఎవరు కొట్టారో తెలియదని బొంకవచ్చు. ఆ బల్ల కనబడితే మాత్రం మిల్లూ ఇల్లూ జరిమానాకే పోతాయి.

అత్తయ్య చిక్కుడు గింజల కుండ పక్కకు జరిపి, బల్లెక్కి పడుకుంది. "దుప్పటి కప్పవే. నేను పోయాను."

"తుమ్మొస్తే ఎలా అత్తయ్యా?"

"చచ్చినవాళ్లు తుమ్మరు. నువ్వు ఏడువు. నిజంగా పోయినప్పుడు ఎలాగూ ఏడవవు, ఇప్పుడే కానివ్వు."

అధికారి టోపీ తీశాడు. నేల పలకలన్నీ కొలిచాడు. బల్ల దగ్గరికొచ్చి కొలబద్ద ఎత్తి, మళ్లీ దించేశాడు.

"పెద్దావిడ ఎప్పుడు పోయారు?"

"ఇప్పుడేనండీ, తమరు వస్తుండగా," అన్నాడు మా ఆయన.

అతను గడప దాటగానే దుప్పటి కింద నుంచి వినబడింది. "పోయాడా రాజు?"

ఈ కథ ఊరంతా చెప్పుకుని నవ్వింది. కొన్నేళ్లకు రాజుగారి మీద తుపాకులు లేచినప్పుడు, టీ గురించి నోరెత్తని మా ఆయన అందరికన్నా ముందు బయలుదేరాడు. ఎందుకని అడిగితే "నా చెట్టు" అన్నాడు.

ఆయన యుద్ధంలో ఉండగానే అత్తయ్య నిజంగా పోయింది. అదే బల్ల మీద పడుకోబెట్టి, అదే దుప్పటి కప్పాను. ఈసారి ఏడుపు నేను తెచ్చుకోలేదు, దానంతటదే వచ్చింది. పక్కింటి టబిత తీరిగ్గా వచ్చి, నా భుజం మీద చెయ్యేసి, చెవిలో మెల్లగా అడిగింది.

"ఎందాకా వచ్చాడే అధికారి?"