ఆఖరివాడు గీత దాటేదాకా

ఆ ఫాదర్ల స్కూల్లో మావాడికి సీటు దొరికిన రోజున సరోజినీ నగర్‌లో మా వరస క్వార్టర్లన్నిటికీ లడ్డూలు పంచాను. ఆ లడ్డూలు తిరిగి అడిగి తెచ్చుకుంటే బాగుండునని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో నాకే తెలుసు. జెస్యూట్ ఫాదర్లు నడిపే మగపిల్లల బడి, ఇంగ్లీషు దంచి నేర్పిస్తారు, చదువు దగ్గర ఊరుకోరు అని ఢిల్లీలో మాకు తెలిసిన తెలుగువాళ్ళందరూ ఊదరగొట్టేశారు. వాళ్ళు పరుగు దగ్గర కూడా ఊరుకోరని ఒక్క మహానుభావుడూ చెప్పలేదు.

తొంభైల మొదట్లో సంగతి ఇది. నేను సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాను. రోజంతా ఫైళ్ళతో వేగి ఇంటికొస్తే, పిల్లాడి డైరీలో ఆ రోజు ఏ లెక్కలిచ్చారో ఉండేది కాదు, మర్నాడు ఏ బూట్లు వేసుకు రావాలో ఉండేది. తెల్ల కాన్వాస్ బూట్లు, వాటికి తడిసుద్ద పూసి ఆరబెట్టాలి. చలికాలంలో ఢిల్లీలో ఏం ఆరుతుంది నా మొహం! గ్యాస్ పొయ్యి పక్కన పెట్టి, పప్పు ఉడికే ఆవిరికి బూట్లు కూడా ఆరబెట్టేదాన్ని. ఇక హౌస్ టీషర్టు. పిల్లల్ని రంగుల వారీగా జట్లు చేసి వాటిని హౌసులంటారు. మావాడిది ఆకుపచ్చ హౌస్. మార్కెట్టంతా తిరిగి ఆకుపచ్చది కొని పంపితే, ఇది ఆ ఆకుపచ్చ కాదని వెనక్కి పంపించారు. దుకాణంవాడు "బెహన్‌జీ, హరా తో హరా హై" అన్నాడు. ఆకుపచ్చంటే ఆకుపచ్చే కదా అని నేనూ అంటున్నాను. ఫాదర్లకి చెప్పేదెవరు?

మా ఆయనది టూర్ల ఉద్యోగం. నెలకి సగం రోజులు ఊళ్ళో ఉండరు, ఉన్నప్పుడు "స్పోర్ట్స్ మంచిదేనోయ్" అని పేపరు వెనకనుంచి అంటారు. ఇంట్లో మిగిలింది నేనూ, మా అత్తగారూ, మావాడూ. మామగారు పోయాక ఏలూరు నుంచి మా దగ్గరికి వచ్చేశారావిడ. హిందీ ఒక్క ముక్క రాదు. మావాడికి తెలుగు అర్థమవుతుంది కానీ నోరు తెరిస్తే హిందీయే. ఆవిడ తెలుగులో అడిగేవారు, వాడు హిందీలో చెప్పేవాడు, ఇద్దరికీ ఏ లోటూ లేకుండా జరిగిపోయేది. నా మాటే ఆ ఇంట్లో ఏ భాషలో చెప్పినా ఎవరికీ ఎక్కేది కాదు.

ఇంతకీ ఆ బడి ఆచారం ఒకటి చెప్పాలి, నా కడుపుమంటకి అసలు కారణం అదే. ఏటా చలి తగ్గే రోజుల్లో, బడి వెనకనున్న రిడ్జ్ అడవిలో మట్టిదారిన పెద్ద పరుగు పెట్టేవారు. నాలుగు హౌసులు. చిన్నా పెద్దా ఒక్కడు తప్పకుండా అందరూ పరిగెత్తాలి. ఎక్కడైనా ముందొచ్చినవాడికి కప్పు ఇస్తారు. ఇక్కడ అది లెక్కే కాదు. హౌస్‌లో ఆఖరివాడు గీత దాటినప్పుడే ఆ హౌస్ పరుగు ముగిసినట్టు. ఎంత వేగంగా పరిగెత్తగలవాడున్నా సరే, ఆఖరివాడు వచ్చేదాకా వాళ్ళ హౌస్ వచ్చినట్టు కాదు. ముందొచ్చినవాళ్ళు మళ్ళీ అడవిలోకి వెనక్కి వెళ్ళి, వెనకబడ్డవాళ్ళని అదిలించుకుంటూ, బతిమాలుకుంటూ తీసుకొస్తారు. ఏ పుణ్యాత్ముడి బుర్రలో పుట్టిందో గానీ, ఆ బడి పుట్టినప్పటినుంచీ అంతేనట.

ఆకుపచ్చ హౌస్‌లో ఆఖరివాడెవడో వేరే చెప్పాలా? సాక్షాత్తూ మా సుపుత్రుడే.

పన్నెండేళ్ళవాడు. గుండ్రంగా, ముద్దుగా ఉంటాడు, ముద్దపప్పు అంటే ప్రాణం. రోగం ఏమీ లేదు. డాక్టరు చూసి, "మందేం అక్కర్లేదు, తిండి తగ్గించండి" అన్నాడు. ఆ మాటకి మా అత్తగారు ఆ డాక్టరు గడప మళ్ళీ తొక్కలేదు. అంతకు ముందేడు మావాడు పరుగు సగంలో ఒక రాయి మీద కూర్చుండిపోయాడు. ఎంతమంది బతిమాలినా లేవలేదు. చివరికి బడి వ్యాన్‌లో తీసుకొచ్చారు. ఆకుపచ్చ హౌస్ ఆ ఏడు అసలు గీతే దాటనట్టు లెక్క. ఆ సాయంత్రం వాడు అన్నం ముట్టలేదు. వాడు అన్నం వద్దనడం అదే మొదటిసారి. ఆ తర్వాత చాలా రోజులు బడిలో ఒక్కడే కూర్చుని టిఫిన్ తిన్నాడని నాకు ఇంకో పిల్లాడి తల్లి చెప్పింది. వాణ్ణి అడిగితే గోడకేసి చూశాడు. 

మరుసటి ఏడు పరుగు దగ్గరపడగానే, ఆ కడుపుమంట మీదే ఫాదర్ దగ్గరికి వెళ్ళాను. ఆటలు చూసుకునే ఫాదర్ బెల్జియం నుంచి ఎప్పుడో కుర్రవాడిగా వచ్చి ఇక్కడే ముసలైపోయినాయన. ఆయన హిందీ నా హిందీకంటే బాగుంటుంది, అదొక అవమానం. "ఫాదర్, మావాణ్ణి ఈ పరుగులోంచి తప్పించండి" అన్నాను. ఆయన స్టాప్‌వాచ్ తాడు వేలికి చుట్టుకుంటూ శాంతంగా విన్నాడు. "తప్పిస్తే ఇంకొకడు ఆఖరివాడవుతాడు మేడమ్. అప్పుడు వాళ్ళమ్మ వస్తుంది. ఆమెకి నేనేం చెప్పాలి?" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నమస్కారమైనా పెట్టకుండా బయటికొచ్చేశాను.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మావాడు నామీద విరుచుకుపడ్డాడు. "ఎందుకు వెళ్ళావు మమ్మీ? మైఁ దౌడూఁగా! ఇస్ బార్ నహీఁ బైఠూఁగా!" ఈసారి కూర్చోడట. పరిగెత్తి తీరతాడట. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఇక్కడ దురదంతా కందకే ఉందని నాకు అప్పుడు తెలిసింది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఆ వారంనుంచే తెల్లారకముందే మా గేటు దగ్గర దండు దిగడం మొదలైంది. ఆకుపచ్చ హౌస్ కెప్టెన్ పదకొండో క్లాసు చదివే సర్దార్ల అబ్బాయి, తాడిచెట్టంత పొడుగు, నెత్తిన జుట్టుముడి మీద బిగించిన పట్కా గుడ్డ. వెంట ఇంకో అరడజను మంది. ఆ మంచులో నిలబడి, "ఆంటీ, నమస్తే! ఉసే భేజ్ దీజియే!" అని, వాణ్ణి పంపమని కేకలు. మేడమీద క్వార్టరాయన కిటికీ తీసి నన్ను తిట్టేవాడు, అదేదో నేనే పిలిపించినట్టు. మా అత్తగారు శాలువా కప్పుకుని వచ్చి, "ఎవరే వీళ్ళు, పోలీసులా?" అన్నారు మొదటిరోజు.

"వాడి హౌస్ పిల్లలు అత్తయ్యగారూ. పరిగెత్తించడానికొచ్చారు."

"ఇదెక్కడి విడ్డూరమే! ఆ ఫాదర్లు మతం మారుస్తారేమోనని బెంగపెట్టుకున్నాను. వీళ్ళు ఏకంగా పిల్లాడి ప్రాణమే తీసేట్టున్నారు" అన్నారు.

అన్నారే గానీ, కాలనీ చుట్టూ తిరిగి ఆవిర్లు కక్కుతూ వచ్చిన ఆ పిల్లలకి ఇడ్లీలు పెట్టింది ఆవిడే. ఆ చలిలో పిండి పొంగదు కదా, గిన్నెకి రజాయి చుట్టి తన మంచం పక్కనే పెట్టుకునేవారు. ఆ వెధవలు ఆ ఇడ్లీల మీద టమాటా సాసు పోసుకు తిన్నారు! ఆవిడ ఆ దృశ్యం చూసి చట్నీ గిన్నె మీద మూత పెట్టేశారు. వాళ్ళు వెళ్ళాక, "ఇడ్లీ మీద ఎర్రసాసు పోసుకునేవాళ్ళ చేతుల్లో పిల్లాణ్ణి పెట్టావు" అని నన్ను దులిపేశారు. అటు పిల్లలు, ఇటు అత్తగారు, మధ్యన ఆఫీసులో లేటు. నా తలప్రాణం తోకకొచ్చింది.

పరుగు రోజు రానే వచ్చింది. మా ఆయన యథాప్రకారం టూర్లో ఉన్నారు. నేనొక్కదాన్నే వెళ్తానంటే మా అత్తగారు వినలేదు. "వాడు మళ్ళీ కూలబడిపోతే ఎత్తుకొచ్చేదెవరు?" అన్నారు. ఆటోలో తీసుకెళ్ళి గ్రౌండులో తల్లిదండ్రులకి వేసిన కుర్చీలో కూర్చోబెట్టి, "మీరిక్కణ్ణించి కదలకండి" అని మరీమరీ చెప్పాను. టీ తెద్దామని అటు తిరిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీ.

వెతగ్గా వెతగ్గా, బడి వెనక గేటు అవతల, అడవిదారి మలుపు తిరిగి గ్రౌండులోకి వచ్చేచోట కనిపించారు. అక్కడ చిన్న కల్వర్టు ఉంది. దాని పక్కన చెప్పులు విడిచి, కొంగు బొడ్లో దోపి నిలబడ్డారు. నేను దారికి ఇవతల, తాడు కట్టిన వైపున జనంలో ఇరుక్కుపోయాను. అప్పటికే రెండు హౌసులు గీత దాటేశాయి. మిగిలినవి ఆకుపచ్చ, పసుపు. ముందొచ్చిన పిల్లలు వెనక్కి పరిగెడుతున్నారు, పేర్లు పెట్టి అరుస్తున్నారు.

మావాడు మలుపు తిరిగాడు. మొహం కందగడ్డలా ఉంది, నోరు తెరుచుకుని ఉంది, కాళ్ళు ఈడుస్తున్నాడు. కానీ పరిగెడుతున్నాడు! వాడికి ఎదురుగా కెప్టెన్ వెనక్కి వెనక్కి నడుస్తూ చప్పట్లు కొడుతున్నాడు. నాకు తెలియకుండానే నేనూ అరిచేశాను. సరిగ్గా అప్పుడు మా అత్తగారు దారిలోకి అడుగుపెట్టి వాడి చెయ్యి పట్టేసుకున్నారు.

"చాల్లే నాయనా, చాలు! ఇంక పరిగెత్తక్కర్లేదు. కూర్చో, ఇలా కూర్చో" అని వాణ్ణి కల్వర్టు వైపు లాగుతున్నారు.

కెప్టెన్ బిత్తరపోయాడు. "దాదీజీ, ఛోడ్ దీజియే! బస్ థోడా సా హై!" అని, వదలమని, ఇంక కొంచెమే ఉందని బతిమాలాడు.

"నువ్వు నోర్ముయ్యి! రోజూ పొద్దున్నే నీ గొంతు వినలేక చస్తున్నాను" అన్నారు తెలుగులో. ఆకుపచ్చ టీషర్టులన్నీ చుట్టూ మూగాయి. ఆవిణ్ణి ముట్టుకునే ధైర్యం ఒక్కడికీ లేదు, ఇడ్లీలు తిన్నవాళ్ళాయె. దూరంగా పసుపు హౌస్ ఆఖరివాడు మలుపు తిరుగుతున్నాడు. పిల్లలందరూ నావైపు తిరిగి, "ఆంటీ, ఆప్ బోలియే!" అని, నన్ను చెప్పమని మొత్తుకున్నారు.

"అత్తయ్యగారూ, వదలండి వాణ్ణి!" అని అరిచాను.

"నువ్వసలు తల్లివేనా? వాడి గుండె ఎలా కొట్టుకుంటోందో చూడు!"

మావాడికి మాట్లాడ్డానికి ఊపిరి లేదు. కల్వర్టుకేసి చూశాడు. పుట్టినప్పటినుంచీ వాడు నానమ్మ తినమంటే తిన్నాడు, పడుకోమంటే పడుకున్నాడు, ఆవిడ మాట జవదాటి ఎరగడు. వాడి మోకాళ్ళు వంగాయి. అయిపోయింది, కూర్చుంటాడు అనుకున్నాను. ఇంక జన్మలో అన్నం తినడు అని కూడా అనుకున్నాను.

"నహీఁ" అన్నాడు వాడు. చెయ్యి ఒక్క గుంజు గుంజాడు. ఆవిడ తూలి కల్వర్టు మీద చతికిలబడ్డారు. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. పరిగెత్తుకుంటూ పోయాడు, వాడి చుట్టూ ఆ ఆకుపచ్చ మంద అంతా.

తాడు కింద నుంచి దూరి దారిలోకి వచ్చాను. అటు వాడు, ఇటు ఆవిడ. ఒక్క క్షణం ఎటు పోవాలో తెలియలేదు. ఆవిడ దగ్గరికే వెళ్ళాను. అన్ని తెల్లవారుజాములు చలిలో చచ్చీచెడీ లేచి, చివరికి వాడు గీత దాటడం నేను చూడనే లేదు. గ్రౌండులోంచి అరుపులు మాత్రం వినిపించాయి. నాలుగు హౌసుల్లో మూడో స్థానం. మూడో స్థానానికి అంత అరుపా!

కాసేపటికి వాడే వచ్చాడు, కుంటుకుంటూ. ఎవరో భుజాలకెత్తుకుంటే జారిపడ్డాడట, మోకాలు దోక్కుపోయింది. నానమ్మ ముందు నిలబడి, "దర్ద్ హుఆ క్యా, నానమ్మా?" అని అడిగాడు. ఆవిడ చెయ్యి శాలువాలోకి లాక్కున్నారు.

"నాకేం నొప్పి? వెళ్ళి ఏదన్నా తిను ముందు" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటో ఎక్కిన వెంటనే వాడు నా భుజం మీద నిద్రపోయాడు. ఆవిడకి పెట్టాల్సిన గడ్డి ఎంతో ఉంది. చెబితే వినరు, కుర్చీలో కూర్చోమంటే కూర్చోరు, అంతమంది పిల్లల ముందు నా పరువు తీశారు. అన్నీ వరసగా పేర్చుకుని నోరు తెరవబోతుంటే, ఆవిడ శాలువాలోంచి చెయ్యి బయటికి తీశారు. మణికట్టు ఎర్రగా కమిలి వాచింది.

"ఇంత బలం ఎప్పుడొచ్చిందే వీడికి?" అన్నారు, దాన్నే చూసుకుంటూ. "నేను పట్టుకుంటే ఆగుతాడనుకున్నానే అమ్మాయీ."

 ఆ చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని, ఇల్లు వచ్చేదాకా మెల్లిగా నిమురుతూ కూర్చున్నాను.