వీధిలో ఇళ్లు మాయమయ్యే కథ

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆవిడ అరుగు మీద కూర్చుని విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తోంది. నేను ఆమెకి ఎడమ పక్కన కూర్చున్నాను. చేటలో పడవలసిన గింజలు కొన్ని నేల మీద పడుతున్నాయి. ఆమె గమనించడం లేదు. నేను ఒక్కొక్కటే ఏరి, చప్పుడు కాకుండా చేటలో వేస్తున్నాను.

"బావా, ఆ ఇళ్లు మాయమైపోయే కథ ఫోన్లో వస్తాదేటి?" అంది.

"ఏ కథ?" అన్నాను, తెలిసి కూడా.

"అదే, ఇంగ్లీషు సీరియలు. వారానికో కథ వచ్చీది. నువ్వు తెలుగులో సెప్పీవోడివి కదా."

ఆ సీరియల్ మళ్లీ కొత్తగా తీస్తున్నారని ఆ వారమే మా అమ్మాయి చీపురుపల్లి నుంచి ఫోన్ చేసి చెప్పింది. మేం చూసింది కూడా మొదటిది కాదట. అంతకు ముందెప్పుడో నలుపు తెలుపుల్లో వచ్చినదాన్ని రంగుల్లో మళ్లీ తీస్తే మేం చూశాం. ఇప్పుడు మూడోసారి. పాతవీ కొత్తవీ అన్నీ ఫోన్లోనే దొరుకుతున్నాయని, అమ్మకి చూపించమని చెప్పింది. నేను ఆ మాట ఇంట్లో అనలేదు. అమ్మాయి వాళ్లమ్మకి కూడా విడిగా చెప్పిందని నాకు తెలియదు.

గజపతినగరం దగ్గర మా ఊళ్లో, ఆ రోజుల్లో మా వీధికంతటికీ మా ఇంట్లోనే టీవీ ఉండేది. విత్తనానికి కాయలు మిషన్లో వేస్తే పప్పు చితికిపోతుంది, పైపొర ఊడినా మొలక రాదు. అందుకని చేత్తోనే ఒలవాలి. వీధిలోని ఆడవాళ్లందరూ కలిసి ఇవాళ ఒకరింట్లో, రేపు ఇంకొకరింట్లో ఒలిచేవారు. సీరియల్ వచ్చే సాయంత్రం మాత్రం వంతు ఎవరిదైనా కాయల బస్తా మా ఇంటికే వచ్చేది. చేతుల్లో కాయలుంటే కళ్లు టీవీ మీద నిలవవు. పైగా టీవీలో మాట్లాడేది ఇంగ్లీషు. కథ చెప్పడానికి ఒక మనిషి కావాలి. బి.ఏ. చదివిన మనిషిని నేనే.

నా ఇంగ్లీషు గైడు బట్టీపట్టి గట్టెక్కిన ఇంగ్లీషు. నాలుగు మాటల్లో ఒకటి అందేది. మిగతాది మొహాలను బట్టి, వెనక సంగీతాన్ని బట్టి అల్లేవాణ్ని. అయినా ఒక సంగతి నాకు బాగానే అర్థమయ్యేది. ఆ కథలు చాలావరకు మంచిగా ముగియవు. వేరే లోకంలోకి వెళ్లినవాడు అక్కడే చిక్కుకుపోతాడు. తలుపు తట్టిన మనిషి మనిషి కాడు. మొదట్లో ఒకటి రెండు ఉన్నవి ఉన్నట్టే చెప్పాను. ఆడవాళ్ల చేతులు కాయల మీద ఆగిపోయాయి. మా అమ్మ మొహం చిన్నబోయింది. ఆ మొహం నేను చూడలేకపోయాను. తరవాతి వారం నుంచి చిక్కుకుపోయినవాణ్ని ఇంటికి తెచ్చేశాను. చచ్చిపోయినవాణ్ని లేపేశాను. అందరూ తేలిగ్గా నవ్వుకుంటూ చేటలు దులుపుకుని వెళ్లేవారు. దాన్ని నేను దయ అనుకున్నాను. చెడ్డమాట నా నోట రాకపోతే చాలుననుకునే పిరికితనమని చాలా ఏళ్లు తెలుసుకోలేదు.

ఇళ్లు మాయమయ్యే కథ మా పెళ్లయిన కొత్తలో వచ్చింది. ఏదో దేశంలో ఒక వీధి. ఒకామె పొద్దున్నే లేచి చూస్తే ఎదురింటి స్థలంలో గడ్డి ఉంటుంది. అక్కడ ఇల్లుండాలి కదా అని అడిగితే, అక్కడెప్పుడూ గడ్డేనంటారు అందరూ. మర్నాడు ఇంకో ఇల్లు ఉండదు. చివరికి ఆమె నడివీధిలో నిలబడి ఏడుస్తూ ఉంటుంది. ఆమె ఒక్కో ఇంటివాళ్ల పేరూ పెట్టి పిలిచిందనీ, పిలిచిన ఇల్లల్లా తిరిగొచ్చిందనీ నేను చెప్పాను.

"ఒరే, అన్నీ తిరిగొచ్చీస్తే ఆ యమ్మ ఎందుకేడుస్తందిరా?" అంది మా అమ్మ.

"సంతోషానికమ్మా."

"సంతోషానికి అలాగేడుస్తారేటి? ఒసే కోడలా, నీ మొగుడు బలే సెప్తాడే."

అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. టీవీ వంకే చూస్తూ ఉండిపోయింది.

ఇప్పుడు ఆ కథే అడుగుతోంది. తెలిసి కూడా ఏ కథని నేను అడగడానికి కారణం ఆ కథ ఒక్కటే కాదు.

మామిడి పిందె మీదున్నప్పుడు ఆమెని విజయనగరంలో కళ్ల డాక్టరుకి చూపించాను. కళ్లలో చుక్కలు వేసి, బయట బల్ల మీద కళ్లు మూసుకుని కూర్చోమన్నారు. డాక్టరు నన్నొక్కణ్నే లోపలికి పిలిచాడు. సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చెప్పాడు. ఇవి నీటికాసులు, ఇంగ్లీషులో గ్లకోమా అంటారు. పక్కల నుంచి చూపు తినేస్తూ వస్తాయి. పోయిన చూపు తిరిగి రాదు. చుక్కలతో ఆగే దశ దాటింది, విశాఖపట్నం తీసుకెళ్లి ఆపరేషన్ చేయిస్తే మిగిలిన చూపు నిలబడవచ్చు. ఆలస్యం చేయవద్దు. ఈసారి నాకు అన్ని మాటలూ అర్థమయ్యాయి.

బయటికొచ్చాను. ఆమె కళ్లు మూసుకునే, నా అడుగుల చప్పుడు వైపు తల తిప్పి, "ఏటన్నాడు బావా?" అంది.

"శుక్లమట. ఇంకా ముదర్లేదట. ముదిరాక తీస్తారట" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. పూర్వం టీవీ ముందు కథలు వచ్చినంత సులువుగా వచ్చింది. శుక్లం ముదిరాకే తీయాలి, పచ్చిగా ఉండగా కన్ను ముట్టుకోకూడదని మా వైపు చిన్నపిల్లలక్కూడా తెలిసిన మాట. మా ఆవిడ తల్లి, అంటే మా మేనత్త, అలాగే ముదిరేదాకా ఆగి, తీయించుకుని, చివరిదాకా సూదిలో దారం ఎక్కించింది. అందుకని మా ఆవిడ వెంటనే నమ్మింది. "మరైతే తొందరేటి నేదు" అంది.

రేపు చెబుదామనుకున్నాను. మర్నాడూ అలాగే అనుకున్నాను. ఈలోగా ఆమె ఎడమ భుజం గుమ్మానికి కొట్టుకోవడం మొదలైంది. టీ గ్లాసులో కాకుండా పక్కన పోసేది. చెప్పడానికి బదులు నేను ఇల్లు సర్దడం మొదలుపెట్టాను. వంటింటి దారిలో ఉన్న స్టూలు తీసి అటక మీద పెట్టాను. నీళ్ల బిందె గట్టు వారకి జరిపాను. కుంపటి పెరట్లో పడేశాను. ఆమెకి ఏదీ తగలకుండా చూస్తే నా పని అయిపోయినట్టు ఊరట కలిగేది. ఆ ఊరట సాయంత్రం దాకా ఉండేది కాదు. ఇప్పుడు మామిడి పళ్లు సంతకి వచ్చేశాయి.

"వస్తాదేమో సూస్తాను" అని ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లి, ముందు నేనొక్కణ్నీ చూశాను. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి, నెమ్మదిగా చదువుకోగలిగాను. ఒక్క ఇల్లు కూడా తిరిగి రాలేదు. ఆమె ఎవరినీ పిలవలేదు. చివర తన ఇంటి వైపు తిరిగితే అక్కడా గడ్డే. దొరకలేదని చెప్పేద్దామనుకుంటూ లోపలికి వచ్చాను. ఆమె అప్పటికే చేట పక్కన పెట్టి, చెయ్యి చాపి ఉంది.

ఫోన్ కుడికన్నుకి దగ్గరగా పెట్టుకుని చూసింది. చిన్న బొమ్మ కావడం వల్ల ఆమెకి అదే నయంగా ఉన్నట్టుంది. నేను చెప్పబోతే, "ఉండు, సూడనీ" అంది. అయిపోయాక ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"మన ఇంట్లోనూ ఇలాగే అవుతన్నాది బావా."

"ఏటి?"

"స్టూలు నేదు. కుంపటి నేదు. బిందె కోసం సెయ్యి పెడితే గోడ తగుల్తంది. నాను మర్సిపోతన్నానా, నాకు మతి పోతందా అని బెంగెట్టుకున్నాను. నిన్నడిగితే అక్కడెప్పుడుంది అనీసినావు, ఆ ఈదిలోవోల్లలాగే."

అన్నాను. నిజమే. మొన్న స్టూలు గురించి అడిగితే సరిగ్గా ఆ మాటే అన్నాను.

"ఆ యమ్మ సంతోషానికేడవలేదు. అప్పుడే తెల్సు నాకు. కొత్త మొగుడివి, నలుగుర్లో అనడమెందుకని ఊరుకున్నాను. ఇప్పుడు సెప్పు. డాక్టరేటన్నాడు?"

చెప్పాను. డాక్టరు చెప్పిన వరసలోనే, ఒక్క మాట మార్చకుండా. పోయిన చూపు తిరిగి రాదన్నది కూడా చెప్పాను. ఆమె మొహం మారింది. ఏ మొహం చూడలేక ఇన్నేళ్లు కథలు మార్చానో ఆ మొహమే. ఈసారి చూస్తూ కూర్చున్నాను.

"ముదర్నీ, ముదర్నీ అని కూకోబెట్టీసినావు" అంది. "అది ముదరడం కాదు. పోవడం. కన్ను నాది బావా. నువ్వెవడివి దాచడానికి?"

ఆమె చేట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది గానీ కాయ పట్టలేదు. "స్టూలెక్కడెట్టినావు?" అంది.

"అటక మీద."

"దించు. కుంపటి కూడా ఎక్కడిది అక్కడెట్టు. తగిల్తే తగల్నీ. ఎక్కడున్నాదో నాకు తెల్వాలి."

అన్నీ ఉన్నచోట పెట్టాను. మర్నాడు పొద్దున్నే విశాఖపట్నం బస్సెక్కాం. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ అయ్యాక డాక్టరమ్మ, "మీవారిని పిలవనా?" అంది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"వద్దమ్మా. నాకే సెప్పండి, తెలుగులో. ఆయన బయటే ఉంటారు. ఆయన కథలు మార్సీస్తారు."

తలుపు మూశారు. ఆపరేషన్ అయింది, మిగిలిన చూపు ఇప్పటికి నిలబడే ఉంది. పిందె నుంచి పండు దాకా నేను నోరు మూసుకున్న రోజుల్లో ఎంత పోయిందో ఆ డాక్టరమ్మ ఆమెకి చెప్పే ఉంటుంది. పరీక్షలైన రోజున బయట బల్ల మీద కూర్చుని, తలుపు తెరుచుకోగానే నేను లేచి, "ఏటన్నారు?" అన్నాను. ఆమె గోడ పట్టుకుని, గుమ్మాన్ని చేత్తో తడిమి చూసుకుని బయటికొచ్చింది.

"ఇంటికెల్లాక సెప్తాను" అంది. ఇంతవరకూ చెప్పలేదు.