జమీందారమ్మ చిటికెన వేలు

పలాసలో డిజైనర్ అంటే ఫోటోలో ముఖం తెల్లగా చేసిపెట్టేవాడు, అంతే. మా షాపులో పుట్టినరోజుకీ, ఓణీల ఫంక్షనుకీ, చచ్చినవాళ్ళకీ ఒకటే రకం ఫ్లెక్సీ, ఒకటే రకం గులాబీలు. ఏళ్ళ తరబడి అదే పని. అందుకే టెక్కలి నుంచి ఒకమ్మాయి వచ్చి "అన్నా, నా ట్రావెల్ బ్లాగుకి బ్రాండ్ ఐడెంటిటీ చెయ్యాలి" అన్నప్పుడు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. లోగో, రంగులు, అక్షరాల తీరు, అన్నీ ఒక ఇంటి పిల్లల్లా కనబడాలి. చదువుకునే రోజుల నుంచీ నేను కలగన్న పని అది.

ఆమె స్కూటీ మీద బారువ నుంచి కంచిలి దాకా ఇసుకలో, తోటల్లో తిరిగి రాస్తుంది. "కొబ్బరిచెట్టు, పడవ, సూర్యుడు మాత్రం వద్దన్నా" అంది. అక్కడే నాకు నచ్చేసింది. బుర్ర బద్దలు కొట్టుకున్నాక వేలిముద్ర తట్టింది. ముద్రలో గీతలే దారులు. పెద్దది చేసి చూస్తే ఒక్కో గీతా ఒక్కో ఊరికి పోయే బాటలా ఉంటుంది. ఆమె ఎగిరి గంతేసింది. ఆ వేలు ఈ నేల మీద బతికిన మనిషిది అయి ఉండాలంది. ఆ మనిషి మా ఇంట్లోనే ఉంది కదా అన్నాను.

మా అమ్మ పుట్టింది జలంత్రకోట. పెళ్ళయి పలాస వచ్చిన దగ్గర్నుంచీ జీడిపిక్కలు కొట్టే పనే. పిక్క పగిలితే లోపల్నుంచి కారే జిగురు ఒంటికి తగిలితే చర్మం పొక్కిపోతుంది. దాన్నే మేం జీడి అంటాం. చేతులకి బూడిదో ఆముదమో పూసుకుని కూచుంటారు ఆడవాళ్ళు. అంత మోటు పని చేసే మనిషికి ఒక్క దర్జా మాత్రం ఉంది. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటే చిటికెన వేలు పైకి లేచి నిలబడుతుంది. "జమీందారమ్మ టీ తాగుతోందిరోయ్" అని నేను ఆటపట్టిస్తే, నవ్వుతూ ఆ వేలే చూపించి బెదిరించేది.

ఆదివారం ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఇంకు పేడ్ ముందు పెడితే అమ్మ చెయ్యి చీరకి తుడుచుకుంది.

"ఏటిరా, ఆస్తి రాయించుకుంటన్నావేటి? నాకాడ ఏటున్నాదని?"

కుడిచేతి బొటనవేలు నొక్కింది. కాగితం మీద నీలం మచ్చ పడింది. ఇంకు ఎక్కువైందేమో అనుకుని వేలు తుడిచి, తేలిగ్గా నొక్కించాను. మళ్ళీ మచ్చే. ఫోనుతో ఫోటో తీసి పెద్దది చేసి చూశాను. కోడిగుడ్డులా నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

"గీతలు నేవురా. ఏనాడో పోనాయి" అంది అమ్మ, అదేదో ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నంత మామూలుగా.

ఆ చేత్తోనే కదా ఇన్నేళ్ళూ అన్నం తిన్నాను. "మరి రేషన్ డిపోలో?" అన్నాను.

"మిషన్ల నా వేలు పడదు. కన్ను సూపిత్తే బియ్యం ఇత్తారు. ఇందుల సెప్పడానికేటున్నాది?"

ఆ అమ్మాయి కాగితం వెలుతురుకి పెట్టి చూసింది. "అన్నా, నిజానికి ఇలాగే బాగుంది. గీతల్లేకుండా క్లీన్‌గా, మినిమల్‌గా ఉంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అది డిజైన్ కాదమ్మా, కాలిపోయిన చర్మం! ఈ పని నేను చెయ్యను, ఇంకెవర్నయినా చూసుకో" అని అరిచేశాను. పిల్ల ముఖం పాలిపోయింది. జన్మకి ఒక్కసారి దొరికిన పనిని నా నోటితో నేనే వద్దనేశాను. అయినా కాగితం మీది ఆ మచ్చ తప్ప నాకు ఇంకేమీ కనబడటం లేదు.

అమ్మే కంగారు పడింది. ఈ పని కోసం నేను ఎంత ఎదురుచూశానో ఆమెకి తెలుసు. "ఆ గుంట ఏటన్నాదని అలా మీదడిపోతన్నావు? ఉండు, నాకు ఒక్క వేలేటి, పదున్నాయి" అని పేడ్ దగ్గరికి లాక్కుంది. ఒక్కో వేలూ తనే నొక్కుతూ పోయింది. అన్నీ మచ్చలే. ఎడమచేతి చిటికెన వేలు చివర మిగిలింది. అది ఎత్తగానే ముగ్గురం కాగితం మీదికి వంగాం. చుట్టలు చుట్టలుగా, ఒక్కటి కూడా చెదరకుండా, పసిపిల్ల వేలిముద్రలా ఉన్నాయి గీతలు.

"ఇది ఎలా మిగిలిందమ్మా?"

చెప్పడానికి సిగ్గుపడింది. "నువ్వు బడికెల్లినప్పుడు అదట్టుకునే కదరా నడిసీవోడివి. జీడి నీ సేతికంటితే పొక్కిపోద్దని, పిక్కకి తగలకుండా దాన్ని పైకెత్తి పెట్టీదాన్ని. అలాగ అలవాటైపోనాది."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ "సారీ అమ్మా" అంది. నేను లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

లోగో ఆ వేలిదే చేశాను. ఆ అమ్మాయి స్కూటీ మీద, టోపీ మీద, బ్లాగులో అన్నిచోట్లా ఇప్పుడు అదే ఉంది.

ఆ ఆదివారం సాయంత్రం అమ్మ అరుగు మీద కూచుని టీ తాగింది. ఇంకు ఇంకా పోని చిటికెన వేలు ఎప్పట్లాగే లేచి ఉంది. నేను చూస్తూ ఉండిపోయాను.

"ఏటిరా," అంది అమ్మ, "ఈరోజు జమీందారమ్మా అనవేటి?"